గానుగ సెలవు

1వ రోజు

వెన్నుదన్ను యువజన సంస్థలో పనిచేసేవాళ్ళంతా రోజువారీ పుస్తకంలో ఏదో ఒకటి రాసి తీరాలట. రాయడానికేమీ లేకపోతే ఏమీ లేదనైనా రాయాలి. అదీ ఇక్కడి పద్ధతి.

నా పేరు వరహాలమ్మ. వయసు నలభై ఒకటి. చంద్రుడి మీదికి వచ్చి పద్నాలుగేళ్ళయింది. నిన్నటిదాకా మంచుగుట్ట గనిలో మంచు కోసే యంత్రం నడిపాను. ఇవాళ్టినుంచి ఈ హాస్టల్లో ముప్పై ఒక్క మంది కుర్రకారుకి తోడుమనిషిని. అంతా పదహారుకీ ఇరవై నాలుగుకీ మధ్య వయసువాళ్ళు. తల్లిదండ్రులు దూరపు గనుల్లో ఉన్నవాళ్ళు కొందరు, అసలు లేనివాళ్ళు కొందరు, ఉన్నా పొసగనివాళ్ళు కొందరు. చదువో పనో కుదిరి, మనసు కుదుటపడేదాకా వాళ్ళ పక్కన ఉండడమే మా ఉద్యోగం.

సంస్థని నడిపేది మదీనా మేడం. అరవై దాటాయి. పొద్దున్నే నా చేతిలో ఒక చిన్న పుస్తకం పెట్టారు. అట్ట మీద "ఉద్యోగులకు మనం ఇచ్చేవి" అని ఉంది.

"చదువుకో వరహాలూ. ఎవరూ చదవరు. నువ్వైనా చదువు" అన్నారు.

చదివాను. చదువుతుంటే నవ్వు ఆగలేదు. రెండు పూటలా భోజనం. వారానికో కట్ట తోటకూర, ఎండబెట్టింది కాదు, అప్పుడే కోసింది! పిల్లలెవరైనా తమ కష్టం చెప్పుకుంటే, విన్నవాళ్ళకి మర్నాడు సగం పూట సెలవు. దానికి 'వినికిడి సెలవు' అని పేరు కూడా పెట్టారు. గనిలో నా చెవులు యంత్రం మోతకి సగం పోయాయి. అప్పుడు ఎవరూ ఏ సెలవూ ఇవ్వలేదు.

పన్నెండో పేజీకి వచ్చేసరికి మాత్రం నవ్వు ఆగిపోయింది. ఆ వాక్యం నాలుగు సార్లు చదివాను.

"ఏడాదికి ఇరవై నాలుగు రోజులు గానుగ సెలవు. చేరిన రోజు నుంచే."

ఇక్కడ మనిషి బరువు భూమ్మీద ఉండే బరువులో ఆరో వంతు. ఏళ్ళు గడిచేకొద్దీ ఎముకలు గుల్లబారిపోతాయి. అందుకే మంచుగుట్ట లోపల ఒక పెద్ద చక్రం తిప్పుతుంటారు. దాని అంచు వరసలో గదులుంటాయి. అక్కడ నిలబడితే భూమ్మీద ఉన్నంత బరువు. దానికి గని కంపెనీ పెట్టిన పేరు ఎవరికీ నోరు తిరగదు. అందరం గానుగ అంటాం. ఆస్పత్రి పంపినవాళ్ళకీ, పెద్ద అధికారులకీ తప్ప అందులో చోటు దొరకదు. పద్నాలుగేళ్ళలో నాకు దక్కింది రెండు రోజులు, అదీ కాలు విరిగినప్పుడు.

ఇరవై నాలుగు రోజులు! ఆనందం పట్టలేక గెంతాను. తల పైకప్పుకి కొట్టుకుంది.

3వ రోజు

పొద్దున వంటింట్లో లచ్చుమన్నకి సాయం. లచ్చుమన్న మా వంటమనిషి. పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. సాంబారు వడ్డించడం అనుకున్నంత సులువు కాదు. గరిటె వంచితే ధార తీరిగ్గా దిగుతుంది, అది పళ్ళెం చేరేలోపు ఓ మాట మాట్లాడొచ్చు. తొందరపడి విదిలించామా, గోడకి పోతుంది. గనిలో అన్నీ పొట్లాల్లోనే తిన్నాను, ఈ విద్య నాకు కొత్త. రెండు గరిటెలు గోడకే వడ్డించాను.

గోడ తుడవడానికి ఒక పిల్ల గుడ్డ తెచ్చింది. ఆరడుగుల పైనే ఉంటుంది, ఈనెపుల్లలా సన్నం. ఇక్కడే పుట్టినవాళ్ళంతా అలాగే ఉంటారు. పేరు నాగావళి, పంతొమ్మిదేళ్ళు. వాళ్ళమ్మది శ్రీకాకుళం వైపు. ఊరి ఏటి పేరే కూతురికి పెట్టుకుందట. తల్లి పోయి ఐదేళ్ళు.

"పిన్నీ, నువ్వు కిందన పుట్టినావు కదా. బరువంటే ఎలగుంటాది?" అని అడిగింది.

"ఎలగుంటాదంటే... ఎవులో నీ బుజాల మీద రెండు సేతులూ వేసి ఒదలకుండా పట్టుకున్నట్టుంటాదే."

"అయితే బాగున్నట్టే" అంది ఆలోచిస్తూ.

ఈ పిల్ల రేవులో పడవలు కడుగుతుంది. పైన ఆగిన పెద్ద ఓడల నుంచి మనుషుల్నీ సరుకునీ గుట్టకి దించే చిన్న ఓడలనే ఇక్కడ పడవలంటారు. వాటిని నడిపేవాళ్ళు సరంగులు. కడుగుతూ కడుగుతూ ఒక్కో మీటా ఎందుకుందో మొత్తం నేర్చేసుకుంది. సరంగు పరీక్ష రాసింది. రాతపరీక్షలో మొదటి స్థానం తనదే!

ఇంకా ఒంటి పరీక్ష ఉంది. సరిగ్గా తొంభై ఐదు రోజుల్లో. పడవ ఎగిరేటప్పుడు మనిషి మీద చెప్పలేనంత బరువు పడుతుంది కనుక, గానుగ అంచున ఆరు గంటలు నిలబడి పనిచెయ్యాలి. తర్వాత కుర్చీలో కూచోబెట్టి పావుగంట రెండింతల బరువు పెడతారు. ఆఖరున ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పన్నెండు మెట్లెక్కాలి. ఇక్కడ పుట్టినవాళ్ళు ఇంతవరకూ పదకొండు మంది ప్రయత్నించారు. పదకొండు మందీ మొదటి గంటలోనే కళ్ళు తిరిగి పడిపోయారు. అసలు బరువన్నదే ఎరగనివాళ్ళు మరి! ముందుగా అలవాటు చేసుకుందామంటే గానుగలో చోటివ్వరు.

"డాక్టరుగారు డెబ్బై రోజులైనా గానుగలో ఉంటే నిలబడగలవన్నాడు. డెబ్బై రోజులు నాకెవులిస్తారు పిన్నీ?" అంది గోడ తుడుస్తూ. బాధపడుతూ అనలేదు. ఆ మాట చాలాసార్లు అని అని అరిగిపోయినట్టుంది.

8వ రోజు

మేడం దగ్గరికెళ్ళి అడిగేశాను. నా ఇరవై నాలుగు రోజులూ నాగావళికి రాసివ్వండి అన్నాను.

"కుదరదు" అన్నారు, తలెత్తకుండానే. "చాలా ఏళ్ళ కిందట ఒకసారి అలా చేశాం. కంపెనీకి తెలిసి, ఏడాది పాటు అందరి చోట్లూ తీసేసుకున్నారు. ఎవరి సెలవు వాళ్ళే వాడుకోవాలి. నీ సెలవు నువ్వే వెళ్ళు. నీ ఎముకల గురించి ఆలోచించు."

బయటికొచ్చి గోడ మీద సెలవుల పట్టీ చూశాను. లచ్చుమన్న వరసలో ఆరేళ్ళుగా ఒక్క గీత లేదు. మదీనా మేడం వరసలో తొమ్మిదేళ్ళుగా లేదు. మిగిలిన ఇద్దరు ఉద్యోగులూ కొత్తవాళ్ళు, వాళ్ళు మాత్రం చక్కగా వెళ్ళొస్తున్నారు.

"నువ్వెందుకెళ్ళవు అన్నా?" అని లచ్చుమన్నని అడిగాను.

"నానెళ్ళిపోతే ఈ పిల్లగుంటలకి కూడెవులొండుతారమ్మా?" అన్నాడు, అదేదో అడగకూడని ప్రశ్నైనట్టు.

9వ రోజు

దొరికింది!

పొద్దున టిఫిను తింటూ ఆ పుస్తకం మళ్ళీ తిరగేశాను. పన్నెండో పేజీ వెనక, చిన్న అక్షరాల్లో ఉంది. "చంద్రుడి మీద పదేళ్ళు దాటినవారు గానుగలో ఒంటరిగా ఉండరాదు. సెలవు పొడుగునా ఒక తోడు మనిషి అదే గదిలో ఉండాలి. తోడును ఆస్పత్రి గాని, సంస్థ గాని పంపవచ్చు."

సంస్థ గాని!

పళ్ళెం వదిలేసి పరుగెత్తాను. ఇక్కడ పరుగంటే గెంతుకీ గెంతుకీ మధ్య గాలిలో ఈదడమే. మేడం గది గుమ్మం దాటి ముందుకెళ్ళిపోయి, గోడ పట్టుకుని వెనక్కొచ్చాను.

మేడం ఆ వాక్యం చదివారు. కళ్ళద్దాలు తీసి మళ్ళీ చదివారు.

"ఇది దొంగదారి కాదు కదా వరహాలూ?"

"దొంగదారెందుకవుతాది మేడం? నాకు తోడు గావాల. పద్నాలుగేళ్ళయిపోనాది నాకు. తోడుగా ఆ పిల్లొస్తాది. మీరు సంతకం పెడతారు. పుస్తకంలో ఉన్నదే కదా!"

"తోడుకి పరీక్ష ఉంది. కింద చదువు. నువ్వు పడిపోతే నిన్ను పది అడుగులు లాక్కెళ్ళి గంట కొట్టగలగాలి. ఆ పిల్ల ముందు తనని తాను మొయ్యగలదా?"

అది నేను చూసుకోలేదు. అయినా మేడం సంతకం పెట్టేశారు. పెట్టి, "పుస్తకం రాసింది నేనే. ఈ ముక్క నాకే గుర్తులేదు" అని నవ్వారు. ఆవిడ నవ్వడం నేను చూడడం అదే మొదలు.

నాగావళికి చెప్పాను. ఆ పిల్ల వెంటనే వెళ్ళి రేవులో పని మానేసి వచ్చింది. రేవు మేస్త్రి మళ్ళీ చేర్చుకోనని మొహం మీదే చెప్పాడట.

"ఒలమ్మ! అంత తొందరేటే?" అన్నాను.

"ఇరవై నాలుగు రోజులు సెలవడిగితే ఇవ్వనన్నాడు పిన్నీ. ఇంకేటి సెయ్యను? ఎనక్కి ఎల్లడానికి లేకపోతే ముందుకే ఎల్తాను."

15వ రోజు

గానుగ లోపలినుంచి రాస్తున్నాను. చెయ్యి బరువుగా ఉంది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

గానుగకి మేస్త్రి త్రినాథ. యాభై ఏళ్ళ మనిషి, తక్కువ మాట్లాడతాడు. మమ్మల్ని మధ్యలో ఉండే పెట్టెలో ఎక్కించి మెల్లగా అంచుకి పంపాడు. వెళుతున్నకొద్దీ బరువు కాళ్ళలోంచి పైకెక్కుతోంది. ముందు మడమలు నేలకి అంటుకున్నాయి. తర్వాత చెంపలు జారాయి. కడుపు తన చోట కూచుంది. గదిలోకి రాగానే లోటాతో నీళ్ళు వంచాను. గభాలున పడ్డాయి! తిన్నగా, చప్పుడు చేస్తూ! ఇన్నేళ్ళ తర్వాత ఆ చప్పుడు వింటే ఏడుపొచ్చేసింది. మళ్ళీ వంచాను. మళ్ళీ అదే చప్పుడు.

వెనక ఇంకో చప్పుడయింది. తిరిగి చూస్తే నాగావళి నేల మీద ఉంది.

లాక్కుంటూ గంట దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. త్రినాథ వచ్చి చూసి, "ఎవులికెవులు తోడమ్మా?" అన్నాడు.

నాగావళి కళ్ళు తెరిచి, "నానే తోడు బాబూ. ఇయ్యాలే మొదలు కదా" అంది. చెప్పి వాంతి చేసుకుంది.

త్రినాథ అంగోస్త్రంతో ఆ పిల్ల మొహం తుడిచాడు. "లోపలి వరసలో ఉండండి. అక్కడ సగమే బరువు. ఏడో రోజు పరీక్ష పెడతాను. నెగ్గకపోతే ఆస్పత్రి నుంచి తోడుని పిలిపిస్తాను, ఈ గుంట బయటికి పోతాది. రూలు రూలే" అన్నాడు.

20వ రోజు

ఐదు రోజుల నుంచీ చేస్తున్నది ఒకటే. లేవడం, కూచోవడం. కాళ్ళకి తొడల దాకా బిగుతుగా పట్టీలు కట్టి, గోడ పట్టుకుని నడిపిస్తున్నాను. మొదటి రోజు నాలుగు అడుగులు. రెండో రోజు ఆరు. ఇవాళ గది చుట్టూ రెండుసార్లు!

"పిన్నీ, నా సేతులు నాకే బరువు. మీరంతా వీటిని మోసుకుని ఎలగ తిరిగీవోరు?" అంటుంది. తినడం మాత్రం మూడింతలైంది.

రేపే పరీక్ష. ఈ పిల్ల ఒక్కతీ నడవగలదు. నన్ను లాగడం మాత్రం ఇంతవరకూ కుదరలేదు. నడుం వంచితే చాలు, కళ్ళు తిరుగుతున్నాయి.

21వ రోజు

నేల మీద పడుకున్నాను, పడిపోయిన మనిషిలా. త్రినాథ గుమ్మంలో నిలబడ్డాడు.

నాగావళి నా చంకల కింద చేతులు పెట్టి లాగింది. ఒక అడుగు కదిలాను. రెండోసారి లాగేటప్పటికి ఊగిపోయింది. అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఆ పిల్ల నా తల వెనక చతికిలబడింది. కూచునే మడమలు నేలకి తన్నిపెట్టి వెనక్కి జరిగింది, నన్ను తన ఒళ్ళోకి లాక్కుంది. మళ్ళీ జరిగింది, మళ్ళీ లాక్కుంది. తల కిందికి వంచే పనే లేదు, కళ్ళు తిరగలేదు. అలా ఏడుసార్లు ఆగి ఆగి, పది అడుగులూ లాక్కెళ్ళి, తాడు అందుకుని గంట కొట్టింది. ఒకసారి కాదు, ఆపమనేదాకా కొడుతూనే ఉంది.

త్రినాథ రూళ్ళ కాగితం తీసి చాలాసేపు చదివాడు.

"నిలబడి లాగాలని ఇందులో ఎక్కడా లేదు" అన్నాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ.

నేల మీద పడుకునే చప్పట్లు కొట్టాను.

38వ రోజు

నా సెలవు అయిపోయింది. ఆఖరి ఎనిమిది రోజులూ ఇద్దరం అంచు వరసలోనే ఉన్నాం. నాగావళి పూర్తి బరువులో వరసగా గంటా పది నిమిషాలు నిలబడింది. ఇక్కడ పుట్టిన పిల్ల! నా ఎముకలు కూడా మెరుగుపడ్డాయని డాక్టరు చెప్పాడు. ఆకలి వేస్తోంది, నిద్ర పడుతోంది, మెడనొప్పి పోయింది.

కానీ అయింది ఇరవై నాలుగు రోజులే. బయటికొచ్చాక వారం తిరక్కుండా మళ్ళీ లోపలికెళ్ళకపోతే రక్తం పాత అలవాటుకి వెళ్ళిపోతుందట. మా సంస్థలో పదేళ్ళు దాటినవాళ్ళం ముగ్గురం. మూడు ఇరవై నాలుగులు డెబ్బై రెండు. లెక్క సరిపోయింది. ఇక మిగిలిందల్లా ఆ మిగతా ఇద్దరి చేత సెలవు పెట్టించడం.

40వ రోజు

"నాను గానుగెక్కాలా!" అన్నాడు లచ్చుమన్న. చేతిలో పిండి అలాగే ఉంది.

"ఎక్కి పడుకోయెహె. నీ సెలవే కదా. ఆరేళ్ళుగా పడున్నాది."

"కూడెవులొండుతారని అడుగుతన్నాను!"

వెనకనుంచి ముప్పై మంది "మేవొండుతాం!" అని అరిచారు. ఎప్పుడొచ్చి నిలబడ్డారో తెలియదు. లచ్చుమన్న వాళ్ళందరినీ ఒకసారి చూశాడు. తర్వాత చేతులు కడుక్కున్నాడు.

52వ రోజు

అన్నం మూడోసారి మాడింది. అప్పడాలు వేయిస్తుంటే ఒకటి గాలిలో తేలిపోతూ పొగ గంటకి తగిలి, రెండు గదులవాళ్ళు గాలి ముసుగులేసుకుని బయటికి పరుగెత్తారు. అయినా ఎవరూ పస్తులు లేరు. ఇంతకు ముందు గది దాటి బయటికి రాని ఇద్దరు పిల్లలు ఇప్పుడు ఉల్లిపాయలు తరుగుతూ ఒకరి కథ ఒకరికి చెప్పుకుంటున్నారు. చూసి మేడం కాసేపు అక్కడే నిలబడిపోయారు.

లచ్చుమన్న ఫోను చేశాడు. "అమ్మా, నిన్న పన్నెండు గంటలు పడుకున్నానమ్మా! గుంట నన్ను లేపలేదు. దుప్పటి కప్పినాది. ఇయ్యాల రెండు గంటల ముప్పావు నిలబడినాది, తెలుసునా! నాను గడియారం పట్టుకుని లెక్కెట్టినాను!"

వంట సంగతి అడగనే లేదు.

67వ రోజు

లచ్చుమన్న వచ్చి మూడు రోజులైంది. మేడం వెళ్ళనంటున్నారు. రోజుకో కారణం. నివేదిక ఉంది, సమావేశం ఉంది, పిల్లల పరీక్షలున్నాయి. అన్నీ నేను చూసుకుంటానన్నాను. "చూద్దాం" అన్నారు. వారంలో సగం గడిచిపోయింది. నాగావళి నిన్నటినుంచి మెట్లెక్కి దిగుతూనే ఉంది. ఈ బరువులో అదెందుకూ పనికిరాదని తనకీ తెలుసు.

69వ రోజు

ఇవాళ మేడం తలుపు మూసి, మా ఇద్దరినీ కూచోబెట్టారు.

"పనులన్నీ సాకులే" అన్నారు. "నేను వచ్చి ఇరవై రెండేళ్ళు. గానుగ ఎక్కించే ముందు ఎముకలకి స్కాను తీస్తారు. ఇక ఈ మనిషి భూమికి దిగడానికి పనికిరాదు అని తేలితే కాగితం మీద రాసి ఇచ్చేస్తారు. నాకు భీమిలి సముద్రం చూడాలని ఉంది. ఎప్పుడో ఒకప్పుడు వెళతానని తొమ్మిదేళ్ళుగా అనుకుంటున్నాను. ఆ కాగితం రాయనంతవరకూ వెళ్ళొచ్చుననే అనుకోవచ్చు కదా!"

నాగావళి లేచి ఆవిడ పక్కకెళ్ళి నిలబడింది.

"మేడం, మీరు నా కోసం ఎల్లొద్దు" అంది. "నాను లచ్చుమన్న మావని సూసినాను. మొదటి నాలుగు రోజులూ నిద్దర్లో ఏడిసీవోడు. ఐదో రోజు నుంచి పాటలు పాడినాడు. మీకూ అలగవుతాదేమోనని అంతే. మీరు పడిపోతే నాను లాగుతాను. నాకొచ్చు."

మేడం చాలాసేపు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూచున్నారు. "వినికిడి సెలవు నీకివ్వాలి ఇవాళ" అన్నారు చివరికి.

71వ రోజు

స్కాను అయింది. మేడం భయపడ్డదే కాగితం మీద రాసి ఇచ్చారు. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి, "సరే. తెలిసింది" అన్నారు. అరగంట గదిలో ఒంటరిగా ఉండి బయటికొచ్చారు.

ఆ ఎముకలతో అంచు వరసలో నిలబడకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. నాగావళికి ఇప్పుడు కావలసింది పూర్తి బరువే, తోడు ఉండాల్సింది అదే గదిలో.

"పడుకోవచ్చా?" అని అడిగారు మేడం.

"పడుకుంటే ఫరవాలేదు. మేలు కూడా. కాని ఇరవై నాలుగు రోజులూ మంచం మీదే ఉండాలి. ఏ పనీ చెయ్యకూడదు."

"అదే కదా సెలవంటే" అన్నారు మేడం, మా వైపు తిరిగి. తాళాలు నా చేతిలో పెట్టేశారు.

80వ రోజు

హాస్టలు నడపడం నా పనైంది. ముప్పై మంది, రెండు గొడవలు, ఒక ప్రేమ వ్యవహారం, పాడైన నీటి పంపు. మేడం ఇదంతా రోజూ ఎలా మోశారో!

ఫోనులో నాగావళి చెబుతోంది. మేడం మంచం మీదినుంచే పుస్తకం పట్టుకుని పడవ మీటల గురించి ప్రశ్నలడుగుతున్నారట, ఈ పిల్ల నిలబడి జవాబులు చెబుతోందట. నాలుగు గంటలు దాటాయి! మధ్యలో మేడం నిద్రపోతే నెమ్మదిగా నడుస్తూ లోలోపల పాఠం వల్లెవేస్తోందట.

86వ రోజు

ఇవాళ జరిగింది నేను చూడలేదు. త్రినాథ చెప్పినట్టు రాస్తున్నాను.

నాగావళి స్నానానికి వెళ్ళినప్పుడు మేడంకి లేచి నిలబడాలనిపించిందట. రెండు వారాలుగా హాయిగా ఉంది కదా, ఒక్కసారి చూద్దామని. నిలబడ్డారు. మూడో అడుగులో పడిపోయారు. చప్పుడు విని నాగావళి తడి బట్టలతోనే వచ్చింది. ఆ గదిలోంచి గంటకి ఇరవై అడుగుల పైనే ఉంటుంది.

"నాను అద్దంలోంచి సూస్తన్నాను. పరిగెత్తుకొచ్చీలోగా ఆ గుంట మేడంగారిని బుజం మీదికి ఎత్తీసింది" అన్నాడు త్రినాథ. "కూకోలేదమ్మా! నిలబడే! నిలబడే మోసుకొచ్చి గంట కొట్టినాది! ఇరవయ్యేళ్ళుగా ఈ గానుగ దగ్గరున్నాను. ఇక్కడ పుట్టినోళ్ళెవులూ పూర్తి బరువులో ఇంకో మనిషిని మోసింది నాను సూణ్ణేదు." ఎప్పుడూ తక్కువ మాట్లాడే మనిషి ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

మేడం మణికట్టు చిట్లింది. కట్టు కట్టారు. సెలవు ఆపేద్దామని డాక్టరు అంటే ఆవిడ ఒప్పుకోలేదట.

"సెలవు నాది. ఇంకా తొమ్మిది రోజులుంది. లేవొద్దన్నారు, లేచాను, తప్పు నాది. ఇక లేవను. నా తోడు తన పని తాను చేసింది. రూళ్ళలో ఏముందో చూసుకోండి."

త్రినాథ కాగితం తీయనే లేదట. "ఉండొచ్చు" అన్నాడట.

98వ రోజు

పరీక్ష. గానుగ బయట గాజు అద్దం దగ్గర మేమంతా నిలబడ్డాం. హాస్టలు హాస్టలంతా వచ్చేసింది. మేడం కట్టుకట్టిన చేతితో కుర్చీలో కూచున్నారు.

ఆరు గంటలు. నాగావళి సామాన్లు సర్దింది, బిగింపులు బిగించింది, పరీక్షాధికారి చెప్పిన పెట్టెలన్నీ మోసింది. మొదటి గంట దాటినప్పుడు పిల్లలు ఊపిరి వదలడం నాకు వినిపించింది. నాలుగో గంటలో ఒకసారి గోడకి ఆనుకుంది. లచ్చుమన్న నా చెయ్యి నలిపేశాడు. తను మళ్ళీ నిటారుగా నిలబడింది. ఆరో గంట!

తర్వాత కుర్చీ. రెండింతల బరువు. చెంపలు చెవుల వైపుకి జారిపోయాయి. ఎర్ర దీపం వెలిగినప్పుడల్లా మీట లాగాలి. ముప్పై దీపాలు, ముప్పై మీటలు. ఒక్కటీ తప్పలేదు!

ఇక మెట్లు. పన్నెండు. ఐదు దాకా ఎక్కింది. ఆరు. ఏడు. ఎనిమిదో మెట్టు మీద ఆగిపోయింది. అద్దం అవతలికి మా గొంతు వినపడదు. మేడం లేచి నిలబడ్డారు. అది చూసి లచ్చుమన్న లేచాడు, పిల్లలంతా లేచారు. నాగావళి ఇటు చూసిందో లేదో నాకు తెలియదు. ఎడమ కాలు చేత్తో పట్టుకుని ఎత్తి పై మెట్టు మీద పెట్టుకుంది. తర్వాత కుడికాలు. తొమ్మిది. పది. పదకొండు.

పన్నెండు!

గాజు అద్దాన్ని అందరం కలిసి బాదేశాం. త్రినాథ మమ్మల్ని తిట్టాలి. తిట్టలేదు. తనూ బాదుతున్నాడు.

141వ రోజు

ఇవాళ నాగావళి మొదటిసారి మనుషులతో పడవ దించింది. పక్కన పాత సరంగు ఉన్నాడు గాని మీట ముట్టుకోకుండా ఒళ్ళో చేతులు పెట్టుకుని కూచున్నాడట.

మేమంతా రేవు కిటికీ దగ్గరున్నాం. చీకటి ఆకాశంలో చిన్న చుక్క కనిపించింది. పెద్దదయింది. దాని కింద నిప్పు తెల్లగా, నిలకడగా మండుతోంది. స్పీకరులో గొంతు వినిపించింది. "పదకొండు మంది ప్రయాణికులు. సరంగు నాగావళి. దిగుతన్నాను." గొంతులో వణుకు లేదు. లచ్చుమన్నకే వణుకు పుట్టింది.

మామూలుగా పడవ దిగితే నేల అదురుతుంది, కిటికీ గాజు మోగుతుంది. కాళ్ళు బిగించి నిలబడ్డాం అందరం. దుమ్ము లేచి కిటికీ మూసుకుపోయింది. ఏమీ కనబడలేదు. ఏమీ కదల్లేదు. మేడం నా భుజం పట్టుకున్నారు.

"దిగిందా?" అని అడిగారు.

దుమ్ము మెల్లగా తొలగింది. పడవ తలుపు అప్పటికే తెరుచుకుని ఉంది. గాలి సూట్లు వేసుకున్న జనం నడిచి వస్తున్నారు.

"ఎప్పుడో దిగిపోయింది మేడం" అన్నాను.